కొండదారి బండికి బంపరు, స్టెప్నీ చట్రం: ఛాసిస్ దగ్గర మొదలుపెట్టి కట్టుకునే పద్ధతి

విజయనగరంలోని మా షెడ్డుకు వచ్చే జీపుల్లో ఎక్కువ భాగం కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపు కొండదారుల్లో తిరిగేవే. స్టెప్నీ (అదనపు టైరు) వేలాడే వాటి వెనుక తలుపు తెరిచి, అంచు పట్టుకుని పైకి ఎత్తి చూస్తే చాలా బండ్లలో కీలు కదులుతుంది. కంపెనీ ఇచ్చిన టైరు బరువుకు సరిపడేలా చేసిన కీలు మీద అంతకంటే పెద్ద టైరు మోయించడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. అలాంటి బండి యజమాని వచ్చి సాధారణంగా అడిగేది ఒకటే: బలమైన బంపరు కావాలి, మందమైన ప్లేటు వేయండి. నేను మాత్రం ముందు బండి కిందికి దూరి ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే అడుగు దూలాలు) కొసలు చూస్తాను, ఎందుకంటే బంపరు బలం బయటికి కనిపించే ప్లేటు మందంలో కన్నా అది ఛాసిస్‌ను పట్టుకున్న చోట ఎక్కువగా ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల రేకుతో చేసినా పట్టు సరిగ్గా ఉన్న బంపరు బండిని బురదలోంచి బయటికి తెస్తుంది. ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో చేసినా పట్టు చాలని బంపరు, తాడు బిగుసుకున్న క్షణంలో ఊడి వచ్చి మనుషుల మీద పడుతుంది. ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

ముందుగా చట్టం

ఇనుము కొనక ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా పడేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతోంది. బండి ముందు బిగించే గొట్టాల క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. కాబట్టి రోజూ జాతీయ రహదారి మీద తిరిగే బండికి ఈ పని తలపెట్టే ముందు జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వకమైన సమాధానం తీసుకోవాలి. ఇక్కడ చెప్పే పని ప్రధానంగా తోటల్లో, క్వారీల్లో, ఆఫ్‌రోడ్ పోటీ మైదానాల్లో వాడే బండ్లకు ఉద్దేశించినది.

చట్టం మాట పక్కన పెట్టినా, గార్డు గొట్టాలు నాకు ఇష్టం లేదు. మన పల్లెల్లో కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. పిల్లలు, ముసలివాళ్లు, మేకలు అక్కడే ఉంటాయి. కంపెనీ ప్లాస్టిక్ బంపరు తగిలినప్పుడు కొంత వంగి దెబ్బ తగ్గిస్తుంది, కానీ ఇనుప గొట్టం వంగదు. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో ఇంకొక ప్రమాదం కూడా ఉంది: ఛాసిస్ కొసన నలిగిపోవడానికే పెట్టిన క్రష్ బాక్సులను తీసేసి నేరుగా గట్టి ఇనుము బిగిస్తే, ఢీకొన్నప్పటి కుదుపు సెన్సరుకు చేరే తీరు మారిపోతుంది. అందువల్ల ఆ పెట్టెలను ఎప్పుడూ తీయకూడదు, కోయకూడదు, వాటి మీద వెల్డింగ్ చేయకూడదు. ముందు బంపరు వాటి వెనుక ఉన్న ఛాసిస్ భాగాన్ని పట్టుకునేలా గానీ, లేదా కంపెనీ బోల్టు రంధ్రాలనే వాడుకునేలా గానీ ఉండాలి. అలా వీలు కాని బండికి ఇనుప ముందు బంపరు వద్దని చెప్పి పంపడమే మంచిది. వెనుక బంపరు, స్టెప్నీ చట్రం మాత్రం కట్టుకోవచ్చు, అసలు అవసరం కూడా ఎక్కువగా అక్కడే ఉంటుంది.

కొలతలు, బరువు

బండిని సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నిలిపి, నాలుగు టైర్లలో గాలి సమానంగా ఉండేలా చూసి, ఛాసిస్ రెండు కొసల మధ్య దూరం, వాటి ఎత్తు, వాటి మీద ఉన్న ప్రతి రంధ్రం కేంద్రం ఎక్కడుందో కాగితం మీద రాసుకోవాలి. కుడి ఎడమలు ఒకేలా ఉంటాయని అనుకోకూడదు. పాత జీపుల్లో ఒక కొస రెండో దానికంటే అయిదారు మిల్లీమీటర్లు వంగి ఉండటం మామూలే. రెండు కర్ణాలు కొలిచి పోల్చుకుంటే ఆ వంపు ముందే తెలిసిపోతుంది.

తరువాత ఎక్కుడు కోణం, అంటే బంపరు నేలకు తగలకుండా బండి ఎక్కగలిగే వాలు, చూడాలి. ఒక తిన్నని బద్దను టైరు ముందు నేలకు ఆనించి, టైరు ముందు భాగాన్ని తాకిస్తూ పైకి లేపి, బంపరు అడుగు అంచుకు తగిలిన చోట ఫోనులోని కోణమాపిని బద్దపై పెట్టి చూస్తే డిగ్రీలు తెలుస్తాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పిన ముందు కోణం 41.8 డిగ్రీలు, వెనుక కోణం 36.8 డిగ్రీలు. కొత్త బంపరు ఆ కోణాన్ని తగ్గించకూడదు, వీలైతే పెంచాలి. బంపరు రెండు చివరలను టైర్ల వైపు పైకి ఏటవాలుగా కోస్తే నాగావళి ఇసుక ఒడ్డు ఎక్కేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బరువు లెక్క చాలామంది వేయరు. ఉక్కు ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. మీటరున్నర పొడవు, విప్పితే అరమీటరు వెడల్పు ఉండే బంపరుకు 0.75 చదరపు మీటర్ల ప్లేటు పడుతుంది. అయిదు మిల్లీమీటర్ల ప్లేటు వాడితే అది దాదాపు 29 కిలోలు, నాలుగు మిల్లీమీటర్లయితే 24 కిలోల లోపు, మూడయితే 18 కిలోల లోపు. వెనుక వైపు బరువు ఇంకా ఎక్కువ ప్రభావం చూపుతుంది. వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) 2,450 మిల్లీమీటర్లున్న బండికి వెనుక ఇరుసుకు 90 సెంటీమీటర్ల వెనుకగా 45 కిలోలు వేలాడదీస్తే, వెనుక ఇరుసు మీద పడేది 45 కాదు, 61 కిలోల పైచిలుకు. ఆ అదనపు 16 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి, అంటే ఎగువ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిక పడుతుంది. అందుకే టైరును తలుపుకు ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత దగ్గరగా పెట్టాలి. టైరుకు, తలుపుకు మధ్య 25 నుంచి 30 మిల్లీమీటర్ల ఖాళీ చాలు.

ఇనుము, రాడ్డు

ప్లేటుకు ఐఎస్ 2062 ఈ250 గ్రేడు సరిపోతుంది. ఇది 250 మెగాపాస్కళ్ల (ఒత్తిడి కొలమానం) వరకు లొంగకుండా నిలుస్తుంది, బాగా వంగుతుంది, తేలికగా వెల్డింగ్ అవుతుంది. పాత ఇనుము దుకాణంలో దొరికే ప్లేటు ఏ గ్రేడో తెలియదు కాబట్టి పట్టు ప్లేట్లకు (బంపరును ఛాసిస్‌కు బోల్టులతో కలిపేవి), లాగే కొక్కేలకు దాన్ని వాడకూడదు. బయటి రేకుకైతే అభ్యంతరం లేదు. నీళ్ల పైపుగా అమ్మే జీఐ గొట్టం వాడాలని కొందరు పట్టుబడతారు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగగా మారి, పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం తెప్పిస్తుంది, అతుకులో బుడగలు కూడా మిగులుస్తుంది. దాన్ని తప్పనిసరిగా వాడవలసి వస్తే అతుకు పడే చోట జింకును పూర్తిగా గ్రైండర్‌తో తీసేయాలి.

మిగ్ యంత్రం (తీగను తానే అందిస్తూ గ్యాస్ రక్షణలో అతికే వెల్డింగ్ యంత్రం) ఉంటే 0.8 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం మంచివి. మామూలు ఆర్క్ యంత్రమే ఉంటే బయటి రేకు పనికి 6013 రాడ్డు చాలు, కానీ పట్టు ప్లేట్లకు, కొక్కేలకు, స్టెప్నీ పిన్నుకు 7018 రాడ్డు వాడాలి. మన తీరప్రాంతపు తేమగాలిలో విప్పిన 7018 పెట్టె ఒక పూట బయట ఉంటే చెమ్మ పట్టేస్తుంది. ఆ చెమ్మలోని హైడ్రోజన్ అతుకులోకి దిగి, రెండు మూడు రోజుల తరువాత కంటికి కనిపించని పగుళ్లు తెస్తుంది. అందువల్ల రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల వేడిలో గంటో రెండు గంటలో ఆరబెట్టి, వేడి పెట్టెలో ఉంచుకుని, ఒక్కొక్కటే తీసి వాడుకోవాలి. కళింగపట్నం, బారువ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో పనిచేసే వెల్డర్లకు ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

ఛాసిస్ పట్టు

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పెట్టె ఆకారపు ఛాసిస్ కొసకు పక్క నుంచి ఒక 8 మిల్లీమీటర్ల ప్లేటు, అడుగు నుంచి మరొక ప్లేటు ఆనేలా, ఎల్ ఆకారంలో ఒక్కో వైపు ఒక పట్టు తయారుచేయాలి. ఒక్కో పట్టుకు తక్కువలో తక్కువ నాలుగు 12 మిల్లీమీటర్ల బోల్టులు, తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే వాడాలి. కంపెనీ రంధ్రాలు చాలినన్ని ఉంటే కొత్తవి వేయకూడదు. వేయక తప్పకపోతే ఛాసిస్ నిలువు గోడ మధ్య భాగంలో వేయాలి గానీ పైఅంచు, కిందిఅంచుల మీద వేయకూడదు, ఎందుకంటే బండి వంగినప్పుడు లాగుడు, నొక్కుడు ఎక్కువగా పడేది ఆ అంచుల మీదే.

బోల్టు ఛాసిస్ పెట్టె గుండా అటు నుంచి ఇటు పోయే చోట, లోపల సరిగ్గా పెట్టె వెడల్పంత పొడవున్న మందపాటి గొట్టం ముక్క దూర్చాలి. అది లేకుండా బిగిస్తే పెట్టె గోడలు లోపలికి నలుగుతాయి, బోల్టు ఎంత తిప్పినా బిగువు నిలవదు, నెల తిరిగేసరికి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. ఈ గొట్టం ముక్కలు ఖరీదు లేనివి, లేతు షాపులో పావుగంట పని. ఇవి లేకపోవడం వల్ల పాడైన ఛాసిస్ కొసను మళ్లీ బాగుచేయడానికి మాత్రం రెండు రోజులు పడుతుంది. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును టార్క్ రెంచితో దాదాపు 80 న్యూటన్ మీటర్లకు బిగించి, నైలాక్ నట్టు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది), గట్టి వాషరు వాడి, బిగించిన తరువాత నట్టు నుంచి ప్లేటు మీదికి రంగు గీత గీసుకోవాలి. తరువాత ఎప్పుడైనా ఆ గీత తప్పితే నట్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది.

బంపరును ఛాసిస్‌కు వెల్డింగ్ చేసేయమని అడిగేవారు ఉన్నారు. నేను చేయను. అతుకు వేడి ఛాసిస్ ఉక్కు గుణాన్ని ఆ చుట్టుపక్కల మార్చేస్తుంది, దెబ్బ తగిలినప్పుడు విప్పి మార్చుకునే వీలు కూడా ఉండదు.

అట్ట నమూనా, కోత, అతుకు

పట్టులు బండికి బిగించి ఉండగానే, ఫ్రిజ్ పెట్టెలాంటి గట్టి అట్టతో బంపరు ముఖం, పైభాగం, అడుగు, చివరి రెక్కలు కత్తిరించి టేపుతో అంటించి చూసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా రెండు వైపులా తిప్పి, ఒక చక్రాన్ని జాకీతో పైకి లేపి టైరు ఎక్కడా తగలదని నిర్ధారించుకున్నాక అట్టను విప్పి ప్లేటు మీద గీత గీయాలి. బాడీకి, బంపరుకు మధ్య 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఛాసిస్ మీద రబ్బరు బుష్షులపై కూర్చున్న బాడీ కొండదారిలో కదులుతుంది, బంపరు కదలదు.

వంచే యంత్రం దొరికితే, లోపలి వంపు గుండ్రం కనీసం ప్లేటు మందమంత ఉండేలా వంచాలి. మనవైపు లారీ బాడీలు కట్టే షెడ్లకు సాలూరు పెట్టింది పేరు, అలాంటి చోట వంచే పని చేయించుకోవచ్చు. యంత్రం లేకపోతే గీత వెంట గ్రైండర్‌తో ప్లేటు మందంలో సగానికి పైగా గాడి కోసి, వైస్‌లో పట్టి వంచి, గాడిని నింపుతూ బయటి నుంచి వెల్డింగ్ చేసి, లోపలి నుంచి కూడా ఒక వరస వేయాలి.

టాకాలు (ముక్కలు కదలకుండా వేసే చిన్న తాత్కాలిక అతుకులు) మాత్రమే బండి మీద వేయాలి. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే పది నిమిషాలు ఆగి, ఎర్త్ క్లాంపును ఛాసిస్‌కు కాకుండా నేరుగా అతికే ముక్కకే తగిలించాలి. ఇంధన ట్యాంకు దగ్గర అయితే ఆ పని కూడా చేయకుండా, పట్టుల కొలతతో నేల మీద ఒక నకలు చట్రం చేసుకుని దానిమీదే టాకాలు వేసుకోవడం క్షేమం. పూర్తి అతుకు నేల మీదే వేయాలి. ఒకే చోట నుంచి చివరి దాకా గీసుకుంటూ పోతే పొడవైన ప్లేటు అరటికాయలా వంగిపోతుంది. అయిదారు సెంటీమీటర్లు ఎడమన, అంతే కుడిన, తరువాత మధ్యలో, మళ్లీ అడుగున అన్నట్టు మార్చుకుంటూ, చేత్తో తాకగలిగేంత చల్లారనిస్తూ వేయాలి. ప్రతి నాలుగైదు అతుకులకు ఒకసారి పట్టుల మధ్య దూరం కొలిచి చూసుకోవాలి.

లాగే కొక్కేలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత, ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లు రోడ్ల మీద అడ్డంగా పడిపోయాయి. ఆ రోజుల్లో చెట్లు పక్కకు లాగడానికి వెళ్లిన ఒక జీపు కొక్కెం నా కళ్లముందే ఊడింది. వెల్డింగ్ ఎక్కడా విరగలేదు. కొక్కెం అతికిన మూడు మిల్లీమీటర్ల రేకే కాగితంలా చిరిగి, కొక్కెంతో పాటు తాడు వెంట ఎగిరింది. ఎవరికీ తగలకపోవడం అదృష్టం. ఆనాటి నుంచి ఏ బంపరుకైనా నేను చేసే పద్ధతి ఇదే: కొక్కెం 20 మిల్లీమీటర్ల ప్లేటుతో చేసి, ముఖపు రేకులో కోసిన చీలిక గుండా లోపలికి పంపి, నేరుగా ఛాసిస్ పట్టు ప్లేటుకు రెండు వైపులా అతకాలి. ముఖపు రేకు దగ్గర వేసే అతుకు నీరు దూరకుండా చూడటానికే, బలానికి కాదు.

4.75 టన్నుల పనిభారం ముద్ర ఉన్న ముప్పావు అంగుళం షాకిల్ (తాడును కొక్కేనికి తగిలించే యూ ఆకారపు కడియం) పిన్ను 22 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి రంధ్రం 25 వేయాలి. రంధ్రం అంచు నుంచి ప్లేటు అంచు దాకా కనీసం 25 మిల్లీమీటర్ల ఇనుము మిగలాలి. రంధ్రాన్ని గ్యాస్‌తో కోయకుండా డ్రిల్లు చేసి, అంచులు నునుపు చేయాలి. వించి (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) పెట్టుకునేవారు బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్ల లాగుడు శక్తి ఉన్నది ఎంచుకుని, దాని పీఠాన్ని కూడా ఇదే విధంగా పట్టు ప్లేట్లకు కలపాలి.

స్టెప్నీ చట్రం

ఎక్కువ శ్రద్ధ కోరేది ఈ భాగమే. వెనుక బంపరు ఒక చివర నిలువు పిన్ను, దాని చుట్టూ తిరిగే చేయి, చేయి మీద నిలువు కంబం, కంబానికి టైరు అన్నది మొత్తం అమరిక. గేటు కీలుల్లాంటి వాటితో, లేదా గ్రీజు పూసిన గొట్టంలో గొట్టం తిరిగేలా చేసిన చట్రాలు నేను మొదట్లో కట్టాను. వాటిలో ఒకటి సీతంపేట దారిలో ఒక్క వానాకాలం తిరిగి వచ్చేసరికి చేయి చివర నాలుగు సెంటీమీటర్లు కిందికి జారింది. ఎందుకు జారిందో లెక్క వేస్తే అర్థమవుతుంది.

టైరు, రిమ్ము 30 కిలోలు, చేయి 15 కిలోలు, వాటి భారకేంద్రం పిన్ను నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, పిన్నును వంచే బలం 27 కిలోగ్రాము-మీటర్లు (45 కిలోలు × 0.6 మీటరు). పైబేరింగుకు, కిందిబేరింగుకు మధ్య పది సెంటీమీటర్లుంటే, బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడే ఒక్కో బేరింగును 270 కిలోలు పక్కకు తోస్తాయి. గుంతలో పడినప్పుడు కుదుపు మూడు రెట్లయితే అది 810 కిలోలు. ఈ మూడు రెట్ల కుదుపుకు 30 మిల్లీమీటర్ల పిన్ను మొదట్లో వచ్చే ఒత్తిడి దాదాపు 300 మెగాపాస్కళ్లు, మామూలు ఇనుము 250 దగ్గరే లొంగిపోతుంది. అదే పిన్ను 40 మిల్లీమీటర్లయితే ఒత్తిడి 126కు దిగుతుంది, ఎందుకంటే వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది.

కనుక పిన్నును ఈఎన్8 (మామూలు ఇనుము కన్నా గట్టి ఉక్కు రకం) కడ్డీతో, ట్రాక్టరు ట్రాలీ హబ్బులో ఉండేలా మెట్లు మెట్లుగా తిప్పించుకోవాలి. అడుగున 50 మిల్లీమీటర్లు, కిందిబేరింగు కూర్చునే చోట 40, పైబేరింగు దగ్గర 30, ఆ పైన మర, నట్టుకు అడ్డుపిన్ను రంధ్రం. ఒక్కో మెట్టు మూలను పదునుగా వదలకుండా, బేరింగు అంచు గుండ్రానికి అడ్డు రానంత చిన్న గుండ్రం ఇవ్వమని లేతు మేస్త్రికి గట్టిగా చెప్పాలి, పిన్ను విరిగితే ఆ పదును మూల దగ్గరే విరుగుతుంది. కిందికి 30208, పైకి 30206 నంబరు టేపర్ రోలర్ బేరింగులు సరిపోతాయి. వాటి లోపలి వ్యాసాలు వరుసగా 40, 30 మిల్లీమీటర్లు, బయటి వ్యాసాలు 80, 62. చక్రం హబ్బులో లాగే సన్న వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా కూర్చోబెట్టాలి. అడుగున ఆయిల్ సీలు, పైన దుమ్ము మూత, మధ్యలో లిథియం గ్రీజు.

హబ్బుకు (బేరింగులు కూర్చునే, పిన్ను చుట్టూ తిరిగే గొట్టానికి) చేయిని అతికిన తరువాతే బేరింగు గదులను ఆఖరి కొలతకు తిప్పించాలి. ముందే కొలతకు తిప్పించి తరువాత అతికితే, వెల్డింగ్ వేడికి గది గుండ్రం తప్పి బేరింగు కూర్చోదు. మొదట అర మిల్లీమీటరు తక్కువగా తిప్పించి ఉంచుకుంటే చాలు.

పిన్ను బంపరు పైప్లేటు మీద మాత్రమే నిలబడకూడదు. పైప్లేటు గుండా దిగి, లోపలి పెట్టె దాటి, అడుగు ప్లేటు గుండా కూడా రావాలి. రెండు చోట్లా 8 మిల్లీమీటర్ల అదనపు ప్లేటు వేసి చుట్టూ అతకాలి. ఆ పెట్టె నేరుగా ఛాసిస్ పట్టుకు కలిసి ఉండాలి. ఈఎన్8లో కార్బన్ దాదాపు 0.4 శాతం ఉంటుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు అతికితే అతుకు పక్కన పెళుసు అవుతుంది. గ్యాస్ మంటతో 150 నుంచి 200 డిగ్రీల వరకు వేడిచేసి, ఆరబెట్టిన 7018తో అతికి, వెంటనే పొడి సున్నం గానీ పొడి ఇసుక గానీ కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. టాకా దశలోనే, దారానికి కట్టిన గుండుతో పిన్ను రెండు దిశల్లోనూ నిలువుగా ఉందో లేదో చూడాలి. ఒక డిగ్రీ ఒరిగినా చేయి తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది.

పిన్ను ఎటు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు తేలిక: వెనుక తలుపు కీలు ఎటుంటే పిన్ను అటే ఉండాలి, అప్పుడు రెండూ ఒకే వైపు తెరుచుకుంటాయి.

చేయికి 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 4 మిల్లీమీటర్ల మందం చాలు. హబ్బు దగ్గర పైన, కింద త్రికోణపు ఆనింపు ప్లేట్లు వేయాలి. టైరు బిగించే ప్లేటు 8 మిల్లీమీటర్లది. రిమ్ము రంధ్రాల వృత్తం కొలవడంలో చాలామంది పొరపడతారు. ఆరు రంధ్రాల రిమ్ముకు ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే వృత్త వ్యాసం. అయిదు రంధ్రాల రిమ్ముకు ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 0.588తో భాగించాలి. మారుతి జిప్సీ రిమ్ముకు ఆ దూరం దాదాపు 82 మిల్లీమీటర్లు, భాగిస్తే 139.7 వస్తుంది. చక్రానికి వాడే టేపరు నట్టులతోనే బిగించాలి, మామూలు నట్టు రిమ్ము రంధ్రాన్ని తినేస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మూసిన స్థితి. పైన వేసిన లెక్క చేయి గాలిలో వేలాడుతున్నప్పటిది. బండి నడిచేటప్పుడు ఆ భారం పిన్ను ఒక్కటే మోయకూడదు, చేయి మూడు చోట్ల ఆనాలి. ఒకటి పిన్ను. రెండోది చేయి స్వేచ్ఛా కొస: అక్కడ బంపరు మీద ఏటవాలు మెట్టు పెట్టి, మూసేటప్పుడు కొస ఆ మెట్టు ఎక్కి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేచి కూర్చునేలా చేయాలి. మూడోది నిలువు కంబం కింద, బంపరు పైభాగాన పాత కన్వేయర్ బెల్టు ముక్కతో చేసిన దిండు. ఈ మూడూ సరిగ్గా ఆనితే టైరు పట్టుకుని ఊపినప్పుడు చట్రం కాకుండా బండే ఊగుతుంది. పని సరిగ్గా కుదిరిందనడానికి అంతకంటే నమ్మదగిన గుర్తు నాకు తెలియదు. కొసను లాగి బిగించడానికి టాగిల్ క్లాంపు (పిడి నొక్కితే లాగి పట్టే బిగింపు), అది విడిపోయినా చేయి తెరుచుకోకుండా దాని పక్కనే విడిగా ఒక అడ్డుపిన్ను ఉండాలి. ఒక్క క్లాంపును నమ్ముకోవడం తప్పు. కొండ వాలులో తెరిచినప్పుడు చేయి వెనక్కి తిరిగి మనిషికి తగలకుండా, తెరిచిన స్థితిలో నిలిపే పిన్ను కూడా పెట్టాలి.

హబ్బు నట్టు బిగించేటప్పుడు చేయిని అటూ ఇటూ తిప్పుతూ గట్టిపడే వరకు బిగించి, తరువాత ఒక చుట్టులో ఆరో వంతు వదులు చేసి, దగ్గరి రంధ్రంలో అడ్డుపిన్ను వేయాలి.

దీపాలు, నంబరు, సెన్సర్లు

టైరు గానీ చట్రం గానీ వెనుక దీపాలను, ఇండికేటర్లను, నంబరు ప్లేటును కప్పకూడదు. నంబరు ప్లేటు చోటు మారితే దాని చిన్న దీపం కూడా వెంట మారాలి. 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. పాత బంపరులో ఉన్న ఎత్తులోనే, అదే వంపుతో వాటికి కొత్త బంపరులో రంధ్రాలు వేసి, ఇనుముకు తగలకుండా రబ్బరు రింగులతో బిగించాలి, లేకపోతే అవి స్టెప్నీ టైరునే అడ్డంకి అనుకుని అదేపనిగా మోగుతాయి.

ఉప్పుగాలి, రంగు

మన తీరంలో ఇనుము లోపలి నుంచి తుప్పు పడుతుంది. మూసిన పెట్టెలన్నిటికీ అడుగు మూలల్లో 10 మిల్లీమీటర్ల నీటి రంధ్రాలు వేయాలి. నీళ్లు చేరి నిలిచే జేబులాంటి మూల ఎక్కడైనా ఉందేమో రంగు వేయక ముందే ఒక చెంబు నీళ్లు పోసి చూడాలి. ఇసుక బ్లాస్టింగ్ చేయించి, అదే రోజున జింకు ఎక్కువగా ఉన్న ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు వేయడం నేను నమ్మే పద్ధతి. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకు సరిపోవచ్చు, సముద్రానికి దగ్గర ఊళ్లకు చాలదు. పౌడర్ కోటింగు చూడటానికి బాగుంటుంది, కానీ ఒక రాయి తగిలి పెచ్చు లేచిన చోట నుంచి తుప్పు దాని కిందే పాకుతూ పోయి బయటికి ఆలస్యంగా కనిపిస్తుంది. పట్టు ప్లేట్లు ఛాసిస్‌కు ఆనే ముఖాల మీద మందపాటి రంగు వేయకూడదు, పలుచని ప్రైమరు చాలు. రంగు నలిగి పలచబడితే బోల్టు బిగువు తగ్గుతుంది. పెట్టెల లోపల మైనపు తుప్పునిరోధకం పిచికారీ చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది.

పరీక్ష

మొదటి లాగుడు పరీక్ష ఖాళీ పొలంలో చేయాలి. బండి ముందు, వెనుక తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండకూడదు, తాడు మధ్యలో తడిగోనె వేయాలి. కుదుపు లేకుండా నెమ్మదిగా లాగి, ఆపి, బోల్టుల రంగు గీతలు, అతుకుల అంచులు టార్చితో చూడాలి. అతుకు పక్కన రంగు వెంట్రుకలా చీలితే, అక్కడ లోపలి ఇనుము కదిలిందన్న మాట, దాన్ని గ్రైండర్‌తో తెరిచి చూడక తప్పదు.

చట్రం కోసం వంద కిలోమీటర్లు చెడ్డ దారిలో తిప్పి రావాలి. కొత్త బేరింగులు, కొత్త దిండు ఈ దూరంలోనే సర్దుకుంటాయి. తిరిగి వచ్చాక బోల్టులన్నీ మళ్లీ 80 న్యూటన్ మీటర్లకు చూసి, హబ్బు నట్టు వదులు సరిచేసి, కొస మెట్టు కింద అవసరమైతే ఒక పలుచని రేకు ముక్క వేసి ఎత్తు సరిదిద్దాలి. ఇదే తనిఖీ వెయ్యి కిలోమీటర్ల దగ్గర మరొకసారి, ఆ తరువాత ప్రతి వానాకాలం ముందు, ముగిసిన తరువాత చేయాలి. వాగుల్లో మునిగి తేలిన బండి అయితే ఆ వారంలోనే హబ్బు మూత తీసి గ్రీజు చూడాలి. అది పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు దూరినట్టే, బేరింగులు కడిగి ఆరబెట్టి, సీలు మార్చి, కొత్త గ్రీజు నింపిన తరువాతే బండిని మళ్లీ కొండ ఎక్కించాలి.